వీరసామి తుండు

విరుదునగర్‌లో రామచంద్రన్ ఇంటి తిన్నె మీద తిరుమలసామిని కూర్చోమన్నారు గాని మంచినీళ్లు ఇవ్వలేదు. ఆయన అడగనూ లేదు. పోలీసులో చేరి, హెడ్ కానిస్టేబుల్‌గా పింఛను పుచ్చుకొని బయటపడిన మనిషి. పెద్ద ఇళ్ల తిన్నెల మీద నోరు ఎండబెట్టుకొని కూర్చోవడం ఆయనకు కొత్త కాదు.

వచ్చింది చావు పని. కోవిల్‌పట్టిలో పత్తి మిల్లు వెనక రామచంద్రన్‌కు ఒక లైను ఇళ్లు ఉన్నాయి. మిల్లు కూలీలు ఆ ఇళ్లను ఏళ్ల తరబడి గుత్తకు పట్టుకొని ఉన్నారు. గుత్త సొమ్ము కాక బావికని, పెంకులకని, కాలువకని, వీధి దీపానికని వేరే వసూళ్లు. వసూలు ఏ ఏడూ ఆగలేదు. పెంకు మారింది లేదు, కాలువ తవ్వింది లేదు. లైనుకంతా ఉన్న ఒక్క బావికి చుట్టుగోడ పగుళ్లిచ్చి ఎన్నాళ్లయిందో పిల్లలకు కూడా తెలుసు. చివరికి వీరసామి అనే మిల్లు కూలి అందర్నీ కూడగట్టి మునసబు కోర్టు మెట్లు ఎక్కాడు. కోర్టువారు ఒక వకీలును కమిషనర్‌గా వేసి, పోయి కళ్లారా చూసి రమ్మన్నారు. కమిషనర్ రావలసిన రోజుకు ముందు సాయంత్రం ఆ బావి గోడ కూలింది. తెల్లవారి చూస్తే వీరసామి శవం బావిలో ఉంది.

పోలీసువారి మాట ఒకటే. కమిషనర్ కంటికి పాడుబడిన బావి చూపాలని వీరసామే గడ్డపారతో గోడ పడగొట్టాడు, గోడతో పాటు తనూ పడ్డాడు. గడ్డపార బావిలోనే దొరికింది. కట్టడాన్ని కావాలని చెరిపితే గుత్త చెల్లదని పత్రాల్లో ఉంది. కోర్టు ఈ మాట నమ్మితే లైను లైనంతా సామాను నెత్తిన పెట్టుకొని రోడ్డు మీద నిలబడాలి. చచ్చినవాడు మోసగాడుగా మిగిలిపోతాడు. కమిషనర్ సోమవారం మళ్లీ వస్తున్నాడు. ఆలోపల నిజం తేల్చమని కూలీల వకీలు తిరుమలసామిని పంపించాడు.

రామచంద్రన్ లావుపాటి మనిషి. మాట మాత్రం మెత్తగా వస్తుంది. బావి గోడకు మొన్ననే సున్నం కొట్టించానన్నాడు. తన వైపు ఏ లోపమూ లేదన్నాడు. కేసు సంగతి మాట్లాడినంతసేపూ ఆ మొహంలో కోపం లేదు. వీరసామి పేరు వచ్చాకే రంగు మారింది.

“కేసు వేసిన దానికి నాకు బాద లేదు. కోర్టు ఉండేది అందుకే కదా. ఇదో, ఈ తిన్నె ముందర వాడు తుండు బుజాన వేసుకొని నిలిచె. వాళ్ల నాయన ఎప్పుడైనా మా నాయన ముందర అట్ల నిలిచెనా?”

అది ఆ సీమలో ఎవరూ చెప్పి నేర్పనక్కరలేని మర్యాద. పెద్దవాడి ఎదుట నిలబడేవాడు తుండు గుడ్డను భుజం మీదనుంచి తీసి నడుముకు కట్టుకోవాలి. కేసు వేసిన రోజున వీరసామి లైనులో అందరి ముందూ శపథం చేశాడు. రామచంద్రన్ ముందర గాని, రామచంద్రన్ మనుషుల ముందర గాని ప్రాణం పోయినా తుండు దించను అన్నాడు. ఆ కబురు విరుదునగర్ దాకా వచ్చి ఈ తిన్నె మీద కూర్చుంది.

తిరుమలసామి లేచాడు. రామచంద్రన్ గుమ్మం దాకా వచ్చి, గోడ కూలిన సాయంత్రం కోవిల్‌పట్టి ఇన్‌స్పెక్టరు గోవిందరాజ్ తన ఇంట్లోనే ఉన్నాడనీ, దీపాలు పెట్టకముందే వచ్చాడనీ, ఇక్కడే తిని పడుకొని తెల్లవారి రైలుకు పోయాడనీ చెప్పాడు.

ఇన్‌స్పెక్టరు సంగతి తిరుమలసామి అడగలేదు. అడగనిదానికి జవాబు వస్తే దాన్ని విడిగా మూటకట్టి పెట్టుకోవడం ఆయన అలవాటు. పెట్టుకున్నాడు. తుండుతో మొహం తుడుచుకొని రైలుకు నడిచాడు.

కోవిల్‌పట్టిలో లైను అంతా ఖాళీ. మగవాళ్లూ ఆడవాళ్లూ మిల్లు నుంచి రావాలంటే సాయంత్రం కూత వేయాలి. వీరసామి ఇల్లు లైనుకు ఈ చివర, బావికి దగ్గర. లోపల గోడకు ఆనుకొని అతని పెళ్లాం పట్టమ్మాళ్ కూర్చుని ఉంది. తోడు కూర్చున్న ముసలామె కునికిపాట్లు పడుతోంది.

పట్టమ్మాళ్ ఏడవలేదు. అడిగినదానికి అడిగినంతే చెప్పింది. తెల్లవారితే కమిషనర్ వస్తాడని వీరసామి ఆ రోజు మిల్లుకు పోలేదు. దీపం పెట్టే వేళకు ఎవరో వాకిట్లో పిలిచారు. తను పిండి విసురుతోంది. తిరగలి చప్పుడులో గొంతు ఎవరిదో తెలియలేదు. ఇదో వచ్చి తింటాను, కూడు పెట్టొద్దు అని చెప్పి లేచి పోయాడు. గోడ కూలిన చప్పుడూ విన్నది. మిల్లు గోడౌనులో మూటలు దొర్లించారనుకుంది. రోజూ వినే చప్పుడే కదా. రాత్రి రాకపోతే వకీలు దగ్గరికి పోయి ఆగిపోయాడనుకుంది.

“పోయేటప్పుడు తుండు ఎక్కడుంది?”

“బుజాన.”

“శవం పైకి తెచ్చినప్పుడు?”

ఆమె మోకాళ్ల మీదనుంచి తల ఎత్తింది.

“బుజాననే ఉండె మామా. మెడ కింద ముడి వేసుండె. ఆయన ఎప్పుడూ తుండుకు ముడి వెయ్యడు, ఊరికే పడేసుకుంటాడు. ముడి లేకుంటే బాయిలో పడినోడి బుజాన తుండు నిలుస్తాదా? ముడి ఉంటే ఎవరు వేసె? ఇది అడగతామంటే నన్ను పిచ్చిదంటారు.”

“పిచ్చి కాదు తల్లీ. ఇంకేమి చూసినావు?”

“గోడ పగలగొట్టేదానికి పోయినోడు తుండు తలకు చుట్టుకొని పోతాడు. ఆయన గడ్డపార పట్టితే మొదట చేసేది అదే.”

ఆమె అంతటితో ఆగలేదు. తన భయం కూడా చెప్పింది, గొంతు దించి. మొగుడు గోడ పడగొట్టాడంటే తను నమ్మదు. కాని ఆ సాయంత్రం పిలిచింది రామచంద్రన్ మనుషులైతే, రాజీకని పోయి ఉంటే, అందరి ముందూ శపథం చేసి చాటున తల వంచి ఉంటే, అది మాత్రం తనకు చెప్పవద్దంది. చచ్చాడన్నది ఒకటి చాలు అంది.

తిరుమలసామి తుండు భుజాన సర్దుకొని లేచాడు. బయటికి వచ్చాడు. వెనక ముసలామె లేచి తలుపు మూసింది.

బావి దగ్గర సుడలై ఉన్నాడు. రామచంద్రన్ పెట్టిన కాపలావాడు. ఎవరూ నీళ్లు తోడకుండా చూడమని పోలీసువారు అతన్నే కూర్చోబెట్టారు. తెల్లవారి బావిలో దిగి శవాన్ని పైకెత్తింది కూడా అతనే. తిరుమలసామి పక్కన చతికిలబడి ఆకూ వక్కా తీశాడు. ఒక ఆకు అతనికి ఇచ్చాడు. ఇద్దరూ నములుతూ కూర్చున్నారు. తిరుమలసామి ఒక్క మాట మాట్లాడలేదు. పోలీసులో ఉన్నప్పుడు కూడా ఆయన పద్ధతి ఇదే. లాఠీ కంటే మౌనం ఎక్కువ పని చేస్తుందని తెలిసిన మనిషి.

ఆకు అయిపోయాక ముడి నువ్వే వేశావు కదా అన్నాడు. అడిగినట్టు అనలేదు, ఉన్నమాట అన్నట్టు అన్నాడు.

సుడలై ఏ ముడి అన్నాడు. తనకేమీ తెలియదన్నాడు. ఇల్లు, పిల్లలు, రామచంద్రన్ పెట్టే కూడు, అన్నీ చెప్పుకొచ్చాడు. తిరుమలసామి వింటూ రెండో ఆకు తీశాడు. అప్పుడు సుడలై కళ్లు తుడుచుకొని, తనకు వచ్చిన సగం తెలుగులో చెప్పాడు.

“నడుముకు ఉండె ఏట్టయ్యా.” ఆ సీమలో హెడ్ కానిస్టేబుల్‌ను ఏట్టయ్య అంటారు, పింఛను పుచ్చుకున్నా పిలుపు పోదు. “తుండు నడుముకు ఉండె. ముడి సగం విప్పినట్టు, ఒక కొస నీళ్లలో తేలతా ఉండె. పైన లైను జనమంతా తొంగి చూస్తా ఉండారు, అడుగు చీకటిలో వాళ్లకి తుండు అగపడదు. శపతం చేసిన మనిసిని అట్ల ఎట్ల పైకెత్తేది? నాకు మనసు రాలేదు. నేనే విప్పి బుజాన వేసి, జారకుండా మెడకింద ముడి వేస్తిని. నా ఇంటిదానికి కూడా చెప్పలేదు.”

చెప్పి ఉంటే రామచంద్రన్ మనుషులు వీధి వీధినా చెప్పుకొని నవ్వి ఉంటారన్నాడు. తను తినేది వాళ్ల కూడే అయినా, చచ్చినవాడి మీద నవ్వు పడనివ్వలేకపోయానన్నాడు.

తిరుమలసామి చాలాసేపు బావి వంక చూశాడు. పగవాడి కాపలావాడు అభిమానం కొద్దీ చేసిన పని అది. తప్పు పట్టే నోరు రాదు. కాని శవంతో పాటు పైకి రావలసిన ఒక్క సాక్ష్యాన్నీ ఆ అభిమానం నీళ్లలోనే విప్పేసింది. వీరసామి చచ్చే ముందు ఎవరి ఎదుటో తుండు దించి నిలబడ్డాడు. పని చేయడానికి వచ్చినవాడు కాదు. ఎవరి ఎదుట?

గడ్డపార సంగతి అడిగాడు. వానలు లేని ఏడు, బావిలో నీళ్లు నడుము లోతే. శవాన్ని తాడుకు కట్టేముందు సుడలై కాళ్లతో అడుగంతా తడివాడు. తగిలినవి ఇటుకలే. గడ్డపార లేదు. మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు మనిషి దిగాడు, గడ్డపారతో పైకి వచ్చాడు. ఆ గడ్డపార సుడలై గుడిసెలో ఉండేది, రామచంద్రన్‌దే. ఎప్పుడు పోయిందో తెలియదు.

ఆ మాట ఎవరితోనూ అనవద్దని చెప్పి తిరుమలసామి గోడ చూడటానికి లేచాడు. నిలువెత్తు మనిషికి తొడ దాకా వచ్చే గోడ. బావికి లైను వైపు భాగం పూర్తిగా పోయింది. రెండు పక్కలా మిగిలిన గోడ తెల్లగా, కొత్తగా ఉంది. సున్నం వాసన ఇంకా వస్తోంది. పడిన ఇటుకలు చాలా భాగం బావిలో ఉన్నాయి. కొన్ని చప్టా మీద చెదిరి ఉన్నాయి.

ఆయన గొంతుకూర్చుని ఒక్కొక్క ఇటుకనూ తిప్పి చూశాడు. బయటి ముఖం తెలుపు, అది సరే. లోపలి ముఖం, అంటే పక్క ఇటుకకు అతుక్కొని ఉండవలసిన ముఖం కూడా తెల్లగా ఉంది. సున్నం నీళ్లు చారలు చారలుగా కారి ఎండి ఉన్నాయి. ఇంకో ఇటుకలో చారల కింద చీమలు పెట్టిన నల్లమట్టి. ఎక్కడా గడ్డపార పంటి గాటు లేదు. సున్నం కొట్టేనాటికే గోడ నిలువునా విడిపోయి ఉంది. సున్నం ఆ పగులులోకి పోయి పైకి మూత వేసింది. కమిషనర్ కంటికి నున్నగా కనపడాలని వేసిన మూత. దాన్ని పడగొట్టడానికి గడ్డపార అక్కరలేదు. ఒక మనిషి వీపు చాలు.

ఆయన ఆ ఇటుకను చేతిలో పట్టుకొని లేచేసరికి జట్కా వచ్చి ఆగింది. ఇద్దరు కానిస్టేబుళ్లు దూకారు. వెనక ఇన్‌స్పెక్టరు గోవిందరాజ్ దిగాడు. ఖాకీ బట్టలు, నున్నగా తోమిన బూట్లు. సుడలై తుండు నడుముకు చుట్టుకొని దూరంగా నిలబడ్డాడు. తిరుమలసామి ఇటుకను చప్టా మీద పెట్టి సర్దుకొని నిలబడ్డాడు. ఆయన చూపు బూట్ల మీద ఉంది. కోవిల్‌పట్టి నల్లమట్టిలో ఇంత మెరుపుగా బూట్లు ఉంచుకునేవాడు ఒక్కడే.

“పింఛను చాలలేదా ఏట్టయ్యా? కూలీల దగ్గర కూలికి చేరితివే.”

“కూర్చుంటే కాళ్లు పట్టుకుంటాయి అయ్యా. తిరగతా ఉంటే మంచిది.”

“తిరుగు. బావుల దగ్గర తిరక్కు, వయసు అయిపోయినోడివి. ఇటుకలతో మాట్లాడతా ఉంటివి. ఏమి చెప్పినాయి?”

“సున్నం కొట్టకముందే పగిలి ఉంటిమని చెప్పినాయి.”

“గడ్డపార ఏమి చెప్పె?”

“అది తరువాత వచ్చింది కదయ్యా. దానికి ఏమీ తెలీదు.”

ఇన్‌స్పెక్టరు నవ్వాడు గాని నవ్వు తొందరగా అయిపోయింది. కానిస్టేబుళ్లను జట్కా దగ్గరికి పొమ్మని సైగ చేశాడు. తరువాత మెల్లగా, ఓపికగా మాట్లాడాడు. కాగితం తయారైందనీ, సోమవారం కోర్టులో పెడతాననీ, తను అసలు ఆ సాయంత్రం ఊళ్లోనే లేననీ, శవం పైకి వచ్చి కడిగి పడుకోబెట్టాకే లైనులో కాలు పెట్టాననీ చెప్పాడు. ఇందులో తనకు పగ లేదు, ప్రేమ లేదు. ఒక కూలివాడు దొంగ ఎత్తు వేశాడు, ఆ ఎత్తులో పడి చచ్చాడు. అంతే.

తిరుమలసామి ఒప్పుకోలేదు. తెల్లవారితే గెలిచే కేసు అది. పగిలిన గోడను చూడటానికి కమిషనర్ వస్తుంటే దాన్ని పడగొట్టే అవసరం వీరసామికి ఏముంది? పైపెచ్చు అతను అందరి ముందూ శపథం పట్టిన మనిషి, మాటకు నిలబడే మనిషి అన్నాడు.

“శపతం.” ఇన్‌స్పెక్టరు ఆ మాటను ఉమ్మినట్టు అన్నాడు. “చావు పొద్దుకు తుండు నడుముకు కట్టుకొని నిలిచినోడికి శపతమేమి ఏట్టయ్యా? ఈ జనం శపతాలు అంతే.”

సుడలై తల ఎత్తాడు. ఇన్‌స్పెక్టరు వైపు చూడలేదు. తిరుమలసామి వైపు చూశాడు. నమ్మి చెప్పుకున్న మాటను అప్పుడే అమ్మేశావా అని అడిగే చూపు అది. తిరుమలసామి తల అడ్డంగా ఊపాడు, కనపడీ కనపడనంత. నేను చెప్పలేదు. ఆ చూపునూ, ఆ తల ఊపునూ ఇన్‌స్పెక్టరు రెండూ చూశాడు.

నడుముకు ఉన్న తుండును చూసింది బావిలో దిగిన సుడలై ఒక్కడే. శవం పైకి వచ్చేసరికి అది భుజాన ఉంది. లైనంతా భుజానే చూసింది, పెళ్లాం భుజానే చూసింది. ఆ తరువాత వచ్చిన ఇన్‌స్పెక్టరు నడుమున ఎట్లా చూశాడు?

గోవిందరాజ్ మొహంలో ఏమీ మారలేదు. కానిస్టేబుళ్లను పిలిచాడు. గడ్డపార కాపలావాడి గుడిసెదే, కూలీలతో కలిసి ఇచ్చింది వీడే, స్టేషనుకు తీసుకుపోండి అన్నాడు. సుడలై చేతులకు బేడీ పడింది. అతను ఎదురు తిరగలేదు. పోతూ పోతూ ఆకూ వక్కా సంచి ఇచ్చినట్టు ఒక మాట మాత్రం తిరుమలసామి చేతిలో పెట్టిపోయాడు.

“ఏట్టయ్యా, ఆ పట్టమ్మాళ్ అక్కతో చెప్పు. ముడి వేసింది నేనని చెప్పు.”

నేనూ స్టేషనుకు వస్తానని తిరుమలసామి అడుగు ముందుకు వేశాడు. ఇన్‌స్పెక్టరు అడ్డంగా నిలబడ్డాడు. నీతో పని ఉంది, ఉండు అన్నాడు. జట్కా కదిలింది. గిట్టల చప్పుడు మిల్లు గోడ మలుపు దాకా వినపడి ఆగిపోయింది. లైనులో ఒక్క వాకిలీ తెరిచి లేదు. పట్టమ్మాళ్ తలుపు మూసి ఉంది.

తిరుమలసామికి చెమట పోసింది. తుడుచుకుందామని భుజం మీదికి చెయ్యి పోయింది. భుజాన తుండు లేదు.

కిందికి చూసుకున్నాడు. నడుముకు ఉంది. చక్కగా ముడి కూడా పడి ఉంది. ఎప్పుడు దించాడో, ఎప్పుడు కట్టాడో ఆయనకే తెలియదు. జట్కా ఆగినప్పుడు, ఖాకీ బట్ట కంటపడినప్పుడు చేతులు వాటంతట అవే చేసిన పని. ఎన్నో ఏళ్లు తనే ఖాకీ తొడిగిన మనిషి. అయినా దించాడు. ఎవరైనా దించుతారు. వీరసామి శపథంలో రామచంద్రన్ ఉన్నాడు, రామచంద్రన్ మనుషులు ఉన్నారు. పోలీసు లేడు. పోలీసును అందులో చేర్చాలని వీరసామికి గాని, విన్నవాళ్లకు గాని తోచలేదు. దీపాల వేళ వాకిట్లో పిలిచింది సర్కారు మనిషి. వీరసామి మర్యాదకు తుండు దించి, బావి గోడకు వీపు పెట్టి నిలబడ్డాడు. శపథం ఎక్కడా చెడలేదు.

తిరుమలసామి చెయ్యి ముడి మీద పడింది.

ఇన్‌స్పెక్టరు ఆ చేతి వంకే చూస్తున్నాడు. ఒక అడుగు దగ్గరికి వచ్చాడు.

“వాడూ ఇట్లే ముడి మీద చెయ్యి పెట్టె, ఏట్టయ్యా.”

గొంతు పెంచలేదు. కబురు చెప్పినట్టు చెప్పాడు. సగం విప్పిన ముడి, నీళ్లలో తేలిన కొస తిరుమలసామి కళ్లకు కట్టాయి. కేసు వెనక్కి తీసుకోమని ఆ నోటినుంచి రాగానే, ఎదుట నిలిచింది సర్కారు మనిషి కాదు, రామచంద్రన్ మనిషే అని వీరసామికి తెలిసిపోయింది. తెలిసి, దించిన తుండును మళ్లీ ఎత్తబోయాడు. పట్టమ్మాళ్ విననన్న మాట ఇది కాదు. ఆమె వినవలసిన మాట. చెప్పగలిగినవాళ్లలో ఒకడికి బేడీ పడింది. రెండోవాడు ఇక్కడ నిలబడి ఉన్నాడు.

తిరుమలసామి ముడి పూర్తిగా విప్పాడు. తుండు దులిపి భుజాన వేసుకున్నాడు.

మడమ కింద ఒక ఇటుక ముక్క దొర్లింది. వెనక చాలా కింద నీళ్లలో పడిన చప్పుడు వినిపించింది. ఇన్‌స్పెక్టరు ఇంకో అడుగు వేశాడు. మిల్లు కూతకు ఇంకా పొద్దుంది.